బొమ్మ పిలిచిన పేరు

ఆ పొద్దున ఆకాశంలో మబ్బూ లేదు, నీలమూ లేదు. కొత్తగా సున్నం వేసిన గోడలాగా ఒకటే తెలుపు. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియదు. వెలుగు మాత్రం ఏ మూల నుంచి వస్తోందో చెప్పకుండా అన్ని వైపులా పరుచుకుని ఉంది. చెట్టు కింద నీడ లేదు, గోడ పక్కన నీడ లేదు. కరెంటు తీగ మీద పిట్టలు రెక్కలు దగ్గరికి ముడుచుకుని, ఎవరో గదమాయించినట్టు కూర్చున్నాయి.

బడిసంచి తగిలించుకున్న పిల్ల గుమ్మం దాటి ఒక అడుగు వేసి, తలెత్తి పైకి చూసి, ఆ అడుగు మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఏం, ఆకాశం ఎప్పుడూ చూళ్ళేదా? నడు, గంట కొట్టేస్తారు," అంది తల్లి. అంటూనే నడుం తడుముకుంది. తాళంచెవి లేదు. "నా మతిమరుపు మండా! నువ్విక్కడే ఉండు. ఇప్పుడే వస్తా, గింజా."

అంతే. పిల్ల కెవ్వుమంది.

అది మారాం చేసే కేక కాదు. కంచెలో కాలు ఇరుక్కున్న దూడ పెట్టే కేక. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింట్లో కుట్టుమిషను ఆగిపోయింది. తల్లి వెనక్కి తిరిగేసరికి పిల్ల సంచీతో సహా లోపలికి ఉరికి, బల్ల కింద దూరి, రెండు చెవులూ మూసుకుని కూర్చుంది.

"ఏమైందే? ఏమన్నా కుట్టిందా?"

"నువ్వు మాట్లాడకు!"

"ఎందుకు మాట్లాడకూడదు..."

"మాట్లాడకు! నన్ను పిలవకు!"

గొంతు మీద బతికే మనిషితో ఎవరూ అనకూడని మాట అది. కన్నబిడ్డే అనేసింది.

ఆమెది డబ్బింగు పని. పరాయి భాషల్లో తీసిన బొమ్మల సినిమాలకి మన మాటలు చెప్పడం. ఎన్నో ఏళ్ళుగా టీవీలో పొద్దున్నే వచ్చే ఒక తిండిపోతు కుందేలుకి ఆమెదే గొంతు. అందుకని స్టూడియోలో కాపలావాడి దగ్గర్నుంచి యజమాని దాకా అందరికీ ఆమె కుందేలమ్మ. వీధి చివర కూరగాయలవాడు క్యారెట్లు తూచాక పైన ఒకటి వేసి, "ఇది మీ ఇంట్లో కుందేలుకి," అనేవాడు. ఆమె కుందేలు గొంతుతోనే "దిష్టి పెట్టకు నాయనా," అనేది. బజారంతా నవ్వేది.

పిల్ల అసలు పేరు గింజ కాదు. పుట్టినప్పుడు మరీ చిన్నగా ఉంటే, మొదటిసారి చేతుల్లోకి తీసుకున్న తండ్రి, "గింజంత ఉందే," అన్నాడు. ఆయన సిటీబస్సు డ్రైవరు. మాటల్ని కండక్టరు టిక్కెట్లు చింపినట్టు, అవసరానికి ఒకటి చొప్పున చింపి ఇచ్చే రకం. ఆ రోజుకి ఆ ఒక్క మాటే ఇచ్చాడు. అదే ఇంట్లో పేరైపోయింది. బయట ఎవరికీ తెలియదు, బళ్ళోనూ తెలియదు.

ఆ పిల్లకి నిద్ర పట్టాలంటే కుందేలు మాట్లాడాలి. తల్లి పక్కన చేరి, అరచెయ్యి ఆమె గొంతు మీద ఆనించి, "కుందేలూ, ఇవాళ ఏం తిన్నావు?" అని అడుగుతుంది. తల్లి కుందేలై చెబుతుంటే గొంతులో పుట్టిన గరగర పిల్ల అరచేతిలోకి పాకుతుంది. "కుందేలు ఏదీ?" అంటే, "ఇదిగో, నీ చేతి కింద. కుందేలు నేనే కదా," అనేది తల్లి. ఎన్నిసార్లు అందో ఆమెకే తెలియదు.

బల్ల కింద నుంచి సంగతి ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. తల్లి నేల మీద బోర్లా పడుకుని, నోరు విప్పకుండా, తల ఊపుతూ విన్నది.

"నిన్న బళ్ళో బొమ్మల సినిమా వేశారు."

తల ఊపింది.

"టీచరు నన్ను ముందు వరసలో కూచోబెట్టింది. ఇది మీ అమ్మ సినిమా అని అందరితో చప్పట్లు కొట్టించింది."

మళ్ళీ ఊపింది. నిన్న సాయంత్రం పిల్ల అన్నం కెలుకుతూ కూర్చోవడం, చెయ్యి గొంతు మీద వెయ్యకుండానే గోడ వైపు తిరిగి పడుకోవడం గుర్తొచ్చాయి. ఆటల్లో అలిసిపోయిందనుకుంది తను.

"అందులో నువ్వు చచ్చిపోయావు."

అప్పటికి గానీ తను ఏం చేసిందో కుందేలమ్మకి తెలిసిరాలేదు.

కిందటి వానల్లో చేసిన సినిమా అది. అణుబాంబు పడిన ఒక ఊరి కథ. అంతా చేత్తో గీసిన బొమ్మలే. ఒక నది, ఒడ్డున బట్టలు ఆరేసే తల్లి, కాగితప్పడవ వెనక పరిగెత్తే కూతురు. సైరన్ మోగుతుంది. తల్లి కూతుర్ని వంతెన కింద గూట్లోకి తోసి, "ఏమీ కాదు. నువ్విక్కడే ఉండు. ఇప్పుడే వస్తా," అని, ఇంట్లో ఉండిపోయిన ముసలమ్మ కోసం వెనక్కి పరిగెడుతుంది. తర్వాత తెర తెల్లబడిపోతుంది. చప్పుడుండదు. బొమ్మలు వేసినవాడు అక్కడ ఏమీ గీయలేదు, కాగితాన్ని అలాగే వదిలేశాడు. ఆ తెలుపు చూసేవాళ్ళకి ఊపిరాడనంతసేపు ఉంటుంది. మళ్ళీ బొమ్మ వచ్చేసరికి కూతురు ఒక్కతే నిలబడి ఉంటుంది.

ఈ డబ్బింగు పనిలో ఒక చిక్కుంది. అక్కడి మాట పొడుగు, ఇక్కడి మాట పొట్టి. మాట అయిపోయాక కూడా తెర మీద బొమ్మ నోరు కదులుతూనే ఉంటుంది. మిగిలిన ఆ నోటికి ఏదో ఒకటి తగిలించాలి. "అమ్మా" అనో, "చూడు" అనో, "సరేనా" అనో. దాన్ని ఈ పనివాళ్ళు మాట కింద లెక్కపెట్టరు. పరుపులో పల్లం కనిపిస్తే ఇంత దూది కుక్కినట్టు కుక్కేస్తారు. ఆ రోజు "ఇప్పుడే వస్తా" అయ్యాక బొమ్మ నోరు ఇంకోసారి తెరుచుకుంది. "కుందేలమ్మా, నోరు మిగిలిపోయింది, ఏదో ఒకటి వేసెయ్," అన్నాడు అద్దం అవతల నుంచి సౌండు ఇంజనీరు. ఆమె ఆలోచించలేదు. ఇంట్లో ఆ మాట తర్వాత రోజూ ఏదొస్తుందో అదే వచ్చింది. "గింజా." అచ్చు గుద్దినట్టు అతికింది. భేష్ అన్నారు. ఆమె టీ తాగి కుందేలు పనిలో పడిపోయింది.

బడివాళ్ళు ఆ సినిమా వేసుకుంటామని అడిగినప్పుడు కూడా ఆ కుక్కిన మాట గుర్తు రాలేదు. "బొమ్మల సినిమాయే కదండీ, పిల్లలకి మంచిది," అంది టీచరు. "మంచిదే," అంది తనూ.

"అది నేను కాదమ్మా. బొమ్మ," అంది ఇప్పుడు గుసగుసగా. గుసగుసలో గొంతు ఉండదు కాబట్టి ఆ మాత్రానికి పిల్ల ఓర్చుకుంది.

"కుందేలు నువ్వే అన్నావు."

"అన్నాననుకో..."

"కుందేలూ బొమ్మే కదా. కుందేలు నువ్వైతే ఆవిడా నువ్వే. గింజా అని పిలిచింది. ఆ పేరు ఇంకెవరికి తెలుసు?"

ఏ వకీలూ ఇంత గట్టిగా ముడి బిగించడు. మంద మందంతా అరుస్తున్నా గొర్రెపిల్ల తన తల్లి అరుపునే పట్టుకుని పరిగెత్తి వస్తుంది. ఇక్కడ ఆ అరుపుకే పిల్ల పారిపోతోంది. ఉన్న గొంతు ఒక్కటే. ఇంక దేనితో పిలవాలి దీన్ని దగ్గరికి?

వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఇంజనీరుకి ఫోను చేసింది.

"అన్నయ్యా, బాంబు సినిమాలో ఒక మాట మార్చాలి."

"ఏంటమ్మా గుసగుసలు? గొంతు పోయిందా?"

"ఉంది. ఉండీ పనికి రాకుండా పోయింది." జరిగిందంతా చెప్పింది.

"ఆ మాటా!" అన్నాడాయన. "చెల్లీ, ఏమీ అనుకోకు. సినిమా అంతా బాగానే నటించావు. ఆ ఒక్కచోట మాత్రం నటించలేదు. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకునేది అక్కడే. దాన్ని పీకెయ్యమంటావేంటి?"

"నా కూతురు తుడుచుకోవడం కూడా మానేసింది అన్నయ్యా. బల్ల కింద కూర్చుంది."

"వచ్చెయ్. ఆదివారం గానీ టీవీలో వెయ్యరు. యజమాని అడిగితే నా మీద వేసుకుంటాలే."

పిల్లని ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేదు. తీసుకెళ్ళాలంటే ఆ ఆకాశం కిందికి రాదు. చివరికి గొడుగు వేస్తే వస్తానంది. వాన చుక్క లేని పొద్దున, నల్ల గొడుగు కిందకి వంచి పట్టుకుని, ఇద్దరూ బజారున పడ్డారు. తల్లి నోరు విప్పకూడదని ఒప్పందం.

"ఏమ్మా కుందేలమ్మా, వాన మీ ఇంటి మీదే కురుస్తోందా?" అని అరిచాడు కూరగాయలవాడు. ఆమె చెయ్యి ఊపింది. "అయ్యో, కుందేలుకి గొంతు పట్టేసినట్టుందే!" బజారు నవ్వింది. ఆమె కూడా మొహాన ఒక నవ్వు తగిలించుకుని నడిచింది. పిల్ల చెయ్యి చెమటకి జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ బిగించి పట్టుకుంది. కారు హారన్‌కి ఒకసారి, ఎవరో ఇనప తలుపు లాగితే ఒకసారి, పిల్ల గొడుగు కాడని కావలించుకుంది.

వంతెన దాటి మలుపు తిరుగుతుండగా మిల్లు సైరన్ మోగింది. రోజూ మోగేదే. మిల్లులో పనివాళ్ళు షిఫ్టు మారే వేళని చెప్పడానికి. సైకిళ్ళవాళ్ళు సైకిళ్ళు తొక్కుతూనే ఉన్నారు, ఇస్త్రీ చేసేవాడు ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు. కుందేలమ్మ మాత్రం పిల్లని రెక్క పుచ్చుకుని లాక్కుపోయి, మూసి ఉన్న ఒక కొట్టు రేకు కింద గోడకి నొక్కి, తను అడ్డంగా నిలబడింది. సైరన్ ఆగింది. తలెత్తి చూస్తే పైన అదే తెలుపు. తనెందుకు ఉరికిందో ఆమెకే తెలియలేదు. పిల్ల కిందనుంచి తల్లి మొహంలోకి చూస్తోంది. నోరు విప్పకూడదన్న ఒప్పందం ఉన్నందుకు లోపల్లోపల బతికిపోయాననుకుంది.

స్టూడియోలో ఇంజనీరు కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఎదురొచ్చాడు. "రావమ్మా, చిన్న కుందేలూ!"

"నేను కుందేలు కాదు," అంది పిల్ల.

"పొరపాటు, పొరపాటు," అన్నాడాయన, దారి ఇస్తూ.

గోడలకి మెత్తలు కుట్టిన గది. మధ్యలో అద్దం. అద్దానికి ఇవతల మీటలు, తెర. అవతల చిన్న గదిలో ఒక మైకు. కుందేలమ్మ సైగ చేసి అవతలికి వెళ్ళింది. బరువైన తలుపు మెత్తగా మూసుకుంది. ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెర మీద నది కనిపించగానే, అలవాటు కొద్దీ మాట సరిచూసుకుంటూ పెదవులు కదిపింది.

ఇంజనీరు ఇంకా మైకు తెరవలేదు. పిల్లకి కనిపించింది ఇది: అద్దం వెనక తల్లి. నోరు కదులుతోంది. చప్పుడు లేదు. పక్కన తెర తెల్లబడిపోయింది.

"అమ్మా!" పిల్ల అద్దాన్ని రెండు చేతులతో బాదింది. "అమ్మా! అమ్మా!"

లోపలున్న మనిషికి వినపడదు. ఆ గది కట్టిందే వినపడకుండా ఉండడానికి. కుందేలమ్మ కళ్ళు తెర మీదే ఉన్నాయి. అంత దగ్గర్లో ఉండి, బిడ్డ గుండెలు పగిలేలా అరుస్తున్నా తిరిగి చూడని తల్లిని చూసి ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. గబుక్కున పిల్లని ఎత్తి తన కుర్చీలో కూర్చోబెట్టి, దాని వేలు ఒక మీట మీద పెట్టాడు.

"ఇది పైకి తొయ్యి. తొయ్యమ్మా!"

తోసింది. గదంతా తల్లి ఊపిరి నిండిపోయింది. "...వినపడుతోందా అన్నయ్యా? నేను సిద్ధమే."

పిల్ల మీట కిందికి లాగింది. ఊపిరి పోయింది. పైకి తోసింది. వచ్చింది. అప్పటికి కుందేలమ్మ ఇటు తిరిగి, తడిసిన ఆ మొహం చూసి, అద్దానికి అరచెయ్యి ఆనించింది. మీట కిందా మీదా అవుతూనే ఉంది. చాలాసేపు ఎవరూ వద్దనలేదు.

"అమ్మ ఎక్కడుంది?" అన్నాడు ఇంజనీరు నెమ్మదిగా.

పిల్ల అద్దం వైపు చూపించింది.

"మాట ఎక్కణ్ణుంచి వస్తోంది?"

గోడకున్న స్పీకరు పెట్టె వైపు చూసింది. ఆయన ఇంకేం అడగలేదు. అదే మంచిదైంది.

మాట మార్చడం టీ చల్లారేలోపు అయిపోయింది. మొదటిసారి "గిం..." దాకా వచ్చి కుందేలమ్మ నాలుక కరుచుకుంది. రెండోసారి సరిగ్గా చెప్పింది. "ఇప్పుడే వస్తా, కన్నా." ఇంజనీరు వేసి చూశాడు. చుట్టాలింట్లో ఉప్పులేని కూర తిన్నవాడిలా, "బావుంది," అన్నాడు.

పిల్ల చెవులు మూసుకోకుండా చూసింది. తెలుపు వచ్చినప్పుడు మాత్రం కుర్చీ అంచు పట్టుకుంది.

"ఇప్పుడు ఆవిడ ఎవర్ని పిలుస్తోంది?"

"ఆ వంతెన కింద పిల్లని," అన్నాడు ఇంజనీరు.

"దాని దగ్గరికి వాళ్ళమ్మ వస్తుందా?"

ఆయన అద్దం వైపు చూశాడు. ఇవతల ఆయన ముందున్న మైకు కూడా ఇప్పుడు తెరిచే ఉంది, హెడ్‌ఫోన్లలో ఆమెకి అంతా వినపడుతోంది.

"రాదు," అంది గోడమీది పెట్టెలోంచి తల్లి గొంతు.

"వస్తానంది కదా. అబద్ధం చెప్పిందా?"

"వద్దామనే వెళ్ళిందమ్మా."

"మరి ఏమీ కాదు అని కూడా అంది."

పెట్టెలోంచి ఏమీ రాలేదు. మీట పైనే ఉందో లేదోనని పిల్ల వంగి చూసుకుంది. పైనే ఉంది.

తిరుగుదారిలో తండ్రి బస్సే దొరికింది. ఆయన అద్దంలో వీళ్ళని చూసి, "బడి?" అన్నాడు. ఆమె లేదన్నట్టు తల తిప్పింది. ఆయన గేరు వేశాడు. ఆయన వెనక సీట్లో, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పిల్ల చాలాసేపు కిటికీలోంచి పైకి చూస్తూ కూర్చుంది.

"అయితే కుందేలు కూడా నువ్వు కాదా?"

కుందేలమ్మ ఈ ప్రశ్న కోసం పొద్దున్నుంచీ భయపడుతూనే ఉంది. కుందేలుని ఉంచుకుని, బాంబు సినిమాలో తల్లిని మాత్రం తోసెయ్యడం కుదరదు. బస్సు రెండు స్టాపులు దాటేదాకా చూసింది, ఏమన్నా దారి దొరుకుతుందేమోనని.

"గొంతు నాది," అంది చివరికి. "కుందేలు నేను కాదు."

పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఊఁ అని ఊరుకుంది, ఇంట్లో అద్దెకున్నవాళ్ళెవరో సామాను సర్దుకుని వెళ్ళిపోతుంటే చూస్తున్నట్టు.

సాయంత్రం డ్రైవరు డ్యూటీ దిగి వచ్చేసరికి కూడా ఆకాశం అలాగే ఉంది. తెలుపు మాత్రం కాస్త బూడిద రంగుకి తిరిగింది. కుందేలమ్మ కంచాలు పెట్టింది. పిల్ల లోపల గదిలో కాగితాల మీద రంగులు వేసుకుంటోంది. మూలమూలా నింపేస్తోంది, తెలుపు ఎక్కడా మిగలకుండా. ఆమె పిలవబోయి, నోటిదాకా వచ్చిన పేరుని ఆపుకుని, గరిటెతో గిన్నె అంచు మీద చిన్నగా కొట్టింది. పిల్ల తల తిప్పి చూసింది. లేచి వచ్చింది. డ్రైవరు గరిటె వంకా భార్య వంకా చూశాడు గానీ ఏమిటని అడగలేదు.

అన్నం కలుపుతుండగా అడిగింది పిల్ల.

"నాన్నా, ఆ బాంబు నిజంగా పడుతుందా?"

డ్రైవరు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఏమీ కాదు. ఆ మాట కుందేలమ్మ నాలుక చివర సిద్ధంగా ఉంది. మెత్తటి మాట, పిల్లలకి చెప్పే మాట. మైకు ముందు అది ఎంత మెత్తగా అనాలో చూసుకుని చూసుకుని చెప్పిన మాట. తను అనకపోతే ఈ ఇంట్లో ఇంకెవరూ అనరు. పెదవులు తెరుచుకున్నాయి. పిల్ల వాటివైపే చూస్తోంది, అద్దం వెనక చూసినట్టు. ఆమె పెదవులు మూసింది.

"నేను బస్సు నడుపుతానమ్మా," అన్నాడు డ్రైవరు. "బాంబుల్ని నడిపేవాళ్ళెవరో నాకు తెలియదు."

ఆయనకి అది చాలా పెద్ద మాట. తన కంచంలోంచి ఒక ముద్ద తీసి పిల్ల కంచంలో పెట్టాడు. పిల్ల దాన్ని తింది. తిన్నాక పీట జరుపుకుని తల్లి పక్కకి వచ్చింది. ఎడమ చెయ్యి ఎత్తి, అరచెయ్యి ఆమె గొంతు మీద ఆనించింది.

కుందేలమ్మ కదల్లేదు. పిల్ల కుందేల్ని ఏమీ అడగలేదు. కాసేపు చూసి ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది. అరచేతి కింద గొంతు పైకి లేచి దిగింది. పిల్ల చెయ్యి తియ్యలేదు. కుడిచేత్తో తన అన్నం తాను తింటూ, ఎడమచెయ్యి అక్కడే ఉంచుకుంది. బయట ఏదో లారీ వెళ్ళిన చప్పుడుకి ముగ్గురూ ఒక్క క్షణం ఆగారు. చప్పుడు దూరమయ్యాక మళ్ళీ తిన్నారు.